టాలీ సినారియో, ఎక్సెల్ జోడీ: జరిగిన లెక్కా జరగబోయే లెక్కా ఒకే కాగితం మీద

జరిగిన లెక్కలనీ రాబోయే అంచనాలనీ కలిపి ఒకే రిపోర్టుగా చూపించే మూడు సాధనాలు వాడి చూశాను. ముందు రేటింగ్ చెప్పేస్తాను, ఓపిక లేనివాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. టాలీప్రైమ్ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లోని సినారియో సదుపాయానికి ఐదుకి నాలుగు. ఎక్సెల్‌లో పవర్ క్వెరీ (ఫైళ్లని చదివి సర్దే సదుపాయం) పెట్టి మనమే కట్టుకునే రిపోర్టుకి నాలుగున్నర. ఏడాది చందా కట్టి తీసుకున్న ఒక ఆన్‌లైన్ ప్లానింగ్ సాఫ్ట్‌వేర్‌కి ఒకటిన్నర. దాని పేరు రాయను గానీ, సంగతి చెబుతాను.

నేను వరంగల్ దగ్గర ఒక పత్తి జిన్నింగ్ మిల్లులో (పత్తిలోంచి గింజ తీసి దూదిని బేళ్లు కట్టే మిల్లు) అకౌంట్స్ చూస్తాను. ఎనుమాముల మార్కెట్‌కి పత్తి రావడం మొదలైతే మాకు పండగ, పని రెండూ మొదలవుతాయి. అక్టోబరు నుంచి ఫిబ్రవరి, మార్చి దాకా యంత్రాలు ఆగవు. మిగతా నెలల్లో మిగిలిన బేళ్లు అమ్ముకోవడం, రిపేర్లు, ఖాళీ షెడ్డు. లెక్కల ఏడాది మాత్రం ఏప్రిల్‌లో మొదలై మార్చిలో ముగుస్తుంది కాబట్టి, మా సీజనంతా ఏడాది రెండో సగంలో పడుతుంది. ఏ నెలలో అడిగినా "ఈ ఏడు ఎంతొస్తుంది" అనే ప్రశ్నకి సగం జవాబు పుస్తకాల్లో ఉంటుంది, సగం ఊహలో ఉంటుంది.

ఆ ప్రశ్న అడిగేవాళ్లు ఇద్దరు. ఒకరు మా సేటు. "గివన్నీ ఎందుకు సారూ, మార్చి దాకా ఎంతొస్తది, గది చెప్పుండ్రి" అంటారు. రెండోది బ్యాంకు. వర్కింగ్ క్యాపిటల్ లిమిట్ (రోజువారీ వ్యాపారానికి ఇచ్చే అప్పు పరిమితి) రెన్యూవల్‌కి వాళ్లు అడిగే లెక్కల కాగితాలు, అంటే సీఎంఏ డేటా చూసినవాళ్లకి తెలుసు, అది పుట్టుకతోనే కలగలుపు రిపోర్టు. ఫారం 2లో ఆపరేటింగ్ స్టేట్‌మెంట్, ఫారం 3లో బ్యాలెన్స్ షీటు, రెండిట్లోనూ గడులు ఒకే వరసలో: ఆడిట్ అయిన రెండేళ్లు, ఆ పక్కన ఈ ఏడాది ఎస్టిమేట్, ఆ పక్కన వచ్చే ఏడాది ప్రొజెక్షన్. ఇందులో అందరూ తేలిగ్గా తీసుకునేది ఈ ఏడాది ఎస్టిమేట్ గడి. జనవరిలో నింపితే అందులో తొమ్మిది నెలలు జరిగిపోయినవి, మూడు నెలలు రావలసినవి. ఆ తొమ్మిదినీ మూడునీ ఎలా అతికించారన్న దాని మీదే మిగతా కాగితాలన్నీ నిలబడతాయి.

చాలా ఆఫీసుల్లో చేసే పని, తొమ్మిది నెలల అమ్మకాన్ని తొమ్మిదితో భాగించి పన్నెండుతో హెచ్చించడం. కిరాణా హోల్‌సేల్‌కి అది నడవొచ్చు. జిన్నింగ్‌కి నడవదు. ఉదాహరణకి ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా 2 కోట్ల అమ్మకం, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా 10 కోట్లు అనుకోండి. మొత్తం 12. సగటు లెక్కన ఏడాదికి 16 కోట్లు. కానీ జనవరి నుంచి మార్చి దాకా కూడా సీజనే, ఇంకో 10 కోట్లు వస్తాయి, అంటే అసలు అంచనా 22. చిన్న యూనిట్లకి, 5 కోట్ల లోపు లిమిట్లకి, నాయక్ కమిటీ (చిన్న పరిశ్రమల అప్పుల మీద ఆర్‌బీఐ వేసిన కమిటీ) పద్ధతిలో అంచనా టర్నోవర్‌లో 20 శాతం వర్కింగ్ క్యాపిటల్‌గా ఇస్తారు. వచ్చే ఏడాది ప్రొజెక్షన్‌ని బ్యాంకువాళ్లు ఈ ఏడాది ఎస్టిమేట్ పక్కన పెట్టి చూస్తారు కాబట్టి, 16 దగ్గర మొదలుపెడితే 3.2 కోట్ల మాట, 22 దగ్గర మొదలుపెడితే 4.4 కోట్ల మాట. పత్తి కొనే రోజుల్లో కోటీ ఇరవై లక్షల తేడా అంటే రైతుకి అదే రోజు డబ్బు ఇవ్వగలమా, వారం ఆగమంటామా అన్న తేడా.

ఇక సరుకు దగ్గరికి వద్దాం.

టాలీలో సినారియో అనేది ఉందని ఏళ్ల తరబడి టాలీ వాడుతున్నవాళ్లకి కూడా చాలామందికి తెలియదు. మామూలు మెనూలో ఎదురుగా కనబడదు, ఆన్ చేసుకోవాలి. దాని ఐడియా మాత్రం బాగుంటుంది. మీరు రేపటి లెక్కలని కూడా ఓచర్లుగానే (లెక్కల ఎంట్రీలుగానే) వేస్తారు, కానీ అసలు పుస్తకాలకి తగలనివ్వని రకాల్లో వేస్తారు. అలాంటివి మూడు రకాలు: ఆప్షనల్ ఓచరు, మెమొరాండం ఓచరు, రివర్సింగ్ జర్నల్. తర్వాత ఒక సినారియో సృష్టించి, ఈ రకాల్లో ఏవి కలపాలో, ఏవి వదిలేయాలో చెబుతారు. ఆ స్క్రీను మీద ఒక చిన్న ప్రశ్న ఉంటుంది: ఇంక్లూడ్ యాక్చువల్స్, ఎస్ లేక నో. ఎస్ అంటే జరిగిన లెక్కల మీద అంచనా కూర్చుంటుంది. నో అంటే అంచనా ఒక్కటే విడిగా కనిపిస్తుంది. ఈ రిపోర్టుల గొడవంతా ఆ ఒక్క ప్రశ్నలో ఉంది.

వాడకం ఇలా ఉంటుంది. బ్యాలెన్స్ షీటు తెరిచి ఆల్ట్ సి కొట్టి కొత్త కాలమ్ తీసుకుని, అందులో సినారియో పేరు ఎంచుకుంటే, ఎడమ పక్క అసలు బ్యాలెన్స్ షీటు, కుడి పక్క అంచనాలు కలిపిన బ్యాలెన్స్ షీటు. లాభనష్టాల ఖాతాకి, ట్రయల్ బ్యాలెన్స్‌కి (అన్ని ఖాతాల నిల్వల పట్టిక) కూడా అంతే. సేటుకి స్క్రీను మీదే చూపించవచ్చు. ఆయన ఏ అంకె మీద వేలు పెడితే దాని మీద ఎంటర్ కొట్టి లోపలికి దిగి, "ఇది అంచనా ఓచరు, ఇదిగో నా నెరేషన్" అని ఓచరులో నేను రాసిన వివరణ చూపించవచ్చు. ఎక్సెల్‌లో ఈ సుఖం లేదు. అక్కడ అంకె వెనక ఫార్ములా ఉంటుంది, కారణం ఉండదు.

నాకు బాగా నచ్చింది ఆప్షనల్ ఓచరు. ఓచరు వేస్తూ కంట్రోల్ ఎల్ కొడితే ఆప్షనల్ అవుతుంది. ఫిబ్రవరిలో పోవలసిన వంద బేళ్ల అమ్మకం ఒప్పందం ఖాయమైంది, లారీ ఇంకా కదల్లేదు అనుకోండి. దాన్ని ఆప్షనల్ సేల్స్‌గా వేసి ఉంచుతాను. సరుకు కదిలిన రోజు అదే ఓచరు తెరిచి, అంకెలు సరిచూసి, మళ్లీ కంట్రోల్ ఎల్ కొడితే అసలు ఎంట్రీ అయిపోతుంది. అంచనా నుంచి వాస్తవంలోకి ఒక్క ఓచరు మారింది, రెండుసార్లు లెక్కకి రాలేదు. చేత్తో నడిపే రిపోర్టుల్లో ఎక్కువగా దొర్లేది ఈ రెండుసార్ల లెక్కే. అంచనాలో ఉన్న అమ్మకం అసలు పుస్తకాల్లోకీ వస్తుంది, అంచనా షీటులో తీసేయడం ఎవరికీ గుర్తుండదు, మార్చికి అమ్మకం ఉబ్బిపోయి కనిపిస్తుంది.

రివర్సింగ్ జర్నల్ పని వేరు. దానికి ఎప్పటిదాకా వర్తిస్తుందో తేదీ ఇస్తాం. ఆ తేదీ దాటితే దాని ప్రభావం దానంతటదే పోతుంది. నెల మధ్యలో రిపోర్టు తీయాల్సి వచ్చినప్పుడు ఇంకా రాని కరెంటు బిల్లు, ఇంకా లెక్క తేలని హమాలీ, బ్యాంకు వడ్డీ లాంటివి దీంతో పెట్టుకుంటాను. నెలాఖరుకి అసలు బిల్లు వచ్చాక దీన్ని వెనక్కి తీయాలని గుర్తు పెట్టుకోనక్కర్లేదు.

మరి నాలుగే ఎందుకు ఇచ్చానంటే, సినారియో ఒక తేదీన బొమ్మ ఎలా ఉంటుందో చూపించడానికి పుట్టింది. నెల నెలా పన్నెండు గడుల వరస, అందులో ముందు తొమ్మిది నిజం, తర్వాత మూడు అంచనా, చివర మొత్తం, ఆ పక్కన పోయినేడు, ఆ పక్కన తేడా: ఇలాంటి కాగితం దాని పని కాదు. దూది రేటు క్యాండీకి (355.62 కిలోల తూకం) వెయ్యి రూపాయలు తగ్గితే ఏమవుతుందని అడిగితే ఓచర్లన్నీ మళ్లీ తెరవాలి. ఇంకోటి, అంచనా ఓచర్లలో స్టాకు సంగతి జాగ్రత్తగా చూసుకోవాలి. మా వ్యాపారంలో డిసెంబరులో కొన్న పత్తి చాలావరకు బేళ్లుగా షెడ్డులోనే ఉంటుంది. అకౌంట్స్‌నీ ఇన్వెంటరీనీ జతచేయకుండా నడిపేవాళ్లు అంచనా కొనుగోళ్లు వేసి, అంచనా ముగింపు స్టాకు వేయకపోతే, లాభనష్టాల ఖాతా ఘోరమైన నష్టం చూపిస్తుంది. టాలీ తప్పేమీ లేదు, మనం చెప్పినదే అది చూపించింది. కానీ ఆ స్క్రీను సేటుకి చూపించే ముందు మనం చూసుకోవాలి.

బడ్జెట్ సదుపాయం కూడా టాలీలో ఉంది, ట్రయల్ బ్యాలెన్స్‌లో బడ్జెట్‌కీ వాస్తవానికీ తేడా చూసుకోవచ్చు. అది పక్కపక్కన పెట్టి పోల్చడానికి పనికొస్తుంది. కలిపి కుట్టడానికి కాదు. ఈ రెండు పనులనీ ఒకటే అనుకుని బడ్జెట్ మెనూలో వెతికి విసుగొచ్చి వదిలేసినవాళ్లని చూశాను.

ఎక్సెల్ రిపోర్టు గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే అడిగేవాళ్లు ఎక్కువ.

మొత్తం రిపోర్టుని నడిపేది ఒకే ఒక గడి. షీటు పైన ఎడమ మూల, పసుపు రంగు వేసి, "లెక్కలు మూసిన నెల" అని పక్కన రాసి, అందులో నెలాఖరు తేదీ ఒకటి. కింద పన్నెండు నెలల తలకట్లలోనూ నెలాఖరు తేదీలే ఉంటాయి, ఈఓమంత్ ఫార్ములాతో. ప్రతి గడిలో ఒకటే ఇఫ్: ఈ నెల తేదీ ఆ పసుపు గడి తేదీకి లోపల ఉంటే వాస్తవాల షీటు నుంచి సమ్‌ఇఫ్స్ (షరతుకి సరిపోయే అంకెల కూడిక), లేకపోతే అంచనాల షీటు నుంచి సమ్‌ఇఫ్స్. అంతే. తలకట్టు కింద ఇంకో వరసలో అదే ఇఫ్‌తో "వాస్తవం" లేదా "అంచనా" అని మాట రాయిస్తాను, కండిషనల్ ఫార్మాటింగ్‌తో అంచనా నెలల గడులకి లేత బూడిద రంగు. నలుపు తెలుపు ప్రింటులో కూడా ఎక్కడిదాకా నిజమో, ఎక్కడి నుంచి ఊహో కనబడాలి. రంగు ఒక్కటే పెడితే జిరాక్సులో పోతుంది, అందుకే మాట కూడా.

వాస్తవాల షీటుని చేత్తో నింపను. టాలీ నుంచి నెలవారీ ట్రయల్ బ్యాలెన్స్‌ని ఎక్సెల్‌లోకి ఎగుమతి చేసి ఒక ఫోల్డర్‌లో పడేస్తాను. పవర్ క్వెరీ ఆ ఫోల్డర్ మొత్తం చదివి, పక్కకి పరిచిన నెలలని అన్‌పివట్ చేసి, లెడ్జరు (ఖాతా పేరు), నెల, మొత్తం అని మూడు నిలువు వరసలుగా మారుస్తుంది. ఎక్సెల్ 2016 నుంచి ఇది డేటా ట్యాబ్‌లోనే ఉంది, వేరేగా కొనక్కర్లేదు. ఆ తర్వాత ప్రతి లెడ్జరు రిపోర్టులో ఏ పద్దు కిందికి వెళ్లాలో చెప్పే ఒక చిన్న పట్టిక. మోసం జరిగేది ఇక్కడే. సీజన్‌లో ఎవరో కొత్త ట్రాన్స్‌పోర్ట్ లెడ్జరు తెరుస్తారు, పట్టికలో దాని పేరు ఉండదు, ఆ ఖర్చు రిపోర్టులోంచి చప్పుడు లేకుండా జారిపోతుంది. అందుకే రిపోర్టు అడుగున ఒక తనిఖీ గడి: టాలీ లాభం మైనస్ రిపోర్టు లాభం. సున్నా రాకపోతే గడి ఎర్రబడుతుంది. ఎర్ర గడితో ప్రింటు తీయను.

పసుపు గడిలో తేదీ మార్చడం ఒక క్లిక్కు పని. ఎప్పుడు మార్చాలన్నదే అసలు పని. క్యాలెండర్‌లో నెల అయిపోయింది కదా అని మార్చితే కుదరదు. మాకు డిసెంబరు కరెంటు బిల్లు జనవరిలో వస్తుంది. హమాలీ మేస్త్రీ లెక్క పదో తారీకు దాకా తేలదు. లారీ కిరాయిలు కొన్ని ఇంకా ఆలస్యం. ఇవేవీ ఎక్కకుండా డిసెంబరుని "వాస్తవం" అంటే, ఆ నెల లాభం ఎక్కువ చూపిస్తుంది. అంతటితో పోదు. జనవరి అంచనా డిసెంబరు ఖర్చు చూసి వేసి ఉంటే, అదే తప్పు జనవరిలోనూ కూర్చుంటుంది. కాబట్టి మా దగ్గర పసుపు గడి మార్చడానికి ముందు ఒక చిన్న చీటీ ఉంటుంది: కరెంటు, హమాలీ, కిరాయి, వడ్డీ, బ్యాంకు రీకన్సిలియేషన్, స్టాకు లెక్క. అన్నిటికీ టిక్కు పడితేనే తేదీ మారుతుంది. బిల్లు రాకపోతే ప్రొవిజన్ (రావలసిన ఖర్చుకి అంచనా ఎంట్రీ) వేసి మారుతుంది.

ఆ ఒకటిన్నర మార్కుల సాఫ్ట్‌వేర్ పడిపోయింది సరిగ్గా ఇక్కడే. డెమోలో అద్భుతంగా ఉంది. టాలీకి కలుపుతారు, మొబైల్‌లో గ్రాఫులు, సేటుకి బాగా నచ్చింది. కానీ అది ఒకటో తారీకు రాగానే పోయిన నెలని తనంతట తనే వాస్తవంగా మార్చేసేది. ఆపే మీట లేదు. జనవరి ఒకటిన సేటు ఫోనులో డిసెంబరు లాభం చూసుకుని మురిసిపోయారు, పన్నెండో తారీకుకి అదే లాభం కరెంటు బిల్లంత తగ్గింది. "నిన్న గంత చూపిచ్చె, ఇయ్యాల ఏడికి పోయింది?" అని నన్నడిగితే నేనేం చెప్పాలి? సపోర్టుకి ఫోన్ చేస్తే, "సర్, సిస్టమ్ అలాగే డిజైన్ అయ్యింది" అన్నారు. ఇంకా పెద్ద బాధ, నెల వాస్తవంగా మారగానే ఆ నెలకి మనం వేసిన అంచనాని అది చెరిపేసేది. మన అంచనా ఎంత తప్పిందో చూసుకునే దారే లేదు. చందా అయిపోయాక మళ్లీ కట్టలేదు.

పెద్ద కంపెనీల సాఫ్ట్‌వేర్లలో ఈ కత్తిరింపు తేదీ మనిషి చేతిలోనే ఉంటుంది. మా మేనకోడలు హైదరాబాద్ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఒక విదేశీ కంపెనీ సెంటర్‌లో ప్లానింగ్ టీములో పని చేస్తుంది, వాళ్లు వాడేది అనప్లాన్. అందులో ఫోర్‌కాస్ట్ వెర్షన్‌కి స్విచోవర్ అని ఒక నెల పెడతారు. ఆ నెలకి ముందున్నవన్నీ యాక్చువల్ వెర్షన్ నుంచి వస్తాయి, వాటిని ఎవరూ చేత్తో దిద్దలేరు. సాప్ అనలిటిక్స్ క్లౌడ్‌లో ఇలాంటిదాన్నే కట్ ఓవర్ తేదీ అంటారు. నా షీటు చూసి "మామయ్యా, మీ పసుపు గడి మా స్విచోవరే కదా" అంది. అంతే మరి. తేడా ఏంటంటే, వాళ్ల దగ్గర పాత నెల గడికి తాళం సాఫ్ట్‌వేరే వేస్తుంది. ఎక్సెల్‌లో షీటు ప్రొటెక్ట్ చేయడం, పాస్‌వర్డు ఎవరికీ చెప్పకపోవడం మనమే చేసుకోవాలి. ఎక్సెల్‌కి అర మార్కు తగ్గించింది దీనికే. ఎవరో ఒకరు ఫార్ములా మీద అంకె టైపు చేస్తారు, అది మూడు నెలల తర్వాత బయటపడుతుంది.

పాత అంచనాలని దాచుకోవడం గురించి. ప్రతి నెలా పసుపు గడి మార్చే ముందు అంచనాల షీటుని మొత్తం కాపీ చేసి, విలువలుగా అతికించి, "నవంబరులో వేసిన అంచనా" అని పేరు పెట్టి పక్కన పెడతాను. ఫైలు బరువెక్కుతుంది, పర్వాలేదు. దీనివల్ల తెలిసింది ఒకటుంది. మా అంచనాలు అమ్మకాల్లో పెద్దగా తప్పవు, డబ్బు చేతికొచ్చే రోజుల్లో తప్పుతాయి. స్పిన్నింగ్ మిల్లు ఇరవై రోజులంటుంది, మేమూ ఇరవై అనే వేస్తాం, వచ్చేది అంతకంటే బాగా ఆలస్యంగా. పాత అంచనా చెరిపేసి ఉంటే ఇది ఎప్పటికీ కనబడేది కాదు. ఇప్పుడు ఒక్కో పార్టీకి వేరే రోజులు పెడుతున్నాను.

ఇంక మా సేటుతో నాకున్న పాత తగువు. డిసెంబరులో 4 కోట్ల అమ్మకం అనుకున్నాం, 3 కోట్లే అయింది. ఆయన వెంటనే "ఆ కోటి మార్చిల కలుపుండ్రి, మొత్తం తగ్గొద్దు" అంటారు. ఒక్కోసారి అది న్యాయమే. వాన పడి లోడింగ్ ఆగింది, బేళ్లు షెడ్డులోనే ఉన్నాయి, ఒప్పందం ఉంది, జనవరిలో పోతాయి. అది వాయిదా. కానీ రేటు పడిపోయి కోటి తగ్గితే, ఆ కోటి ఇక రాదు. మార్చిలో కలిపితే అబద్ధం. అందుకే షీటులో తేడా కింద రెండు వరసలు పెట్టాను: "వాయిదా పడింది", "పోయింది". మొదటి వరసలో రాసినదే ముందు నెలల్లోకి వెళుతుంది, అదీ ఏ నెలలోకో రాయాలి. మొదట్లో ఆయనకి ఈ రెండో వరస చూస్తే చిరాకు. ఇప్పుడు ముందు దాన్నే చూస్తారు.

2025 సీజన్‌లో ఈ పద్ధతికి నిజమైన పరీక్ష వచ్చింది. జూలైలో అంచనాలు వేసుకునేటప్పటికి పత్తి దిగుమతి మీద 11 శాతం సుంకం ఉంది. ఆగస్టు 19 నుంచి కేంద్రం దాన్ని సెప్టెంబరు 30 దాకా ఎత్తేసింది, తర్వాత డిసెంబరు 31 దాకా పొడిగించింది. మరో పక్క పొడుగు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకి 7,521 నుంచి 8,110 రూపాయలకి పెరిగింది. అంటే కొనే పత్తికి కింద నేల గట్టిపడింది, అమ్మే దూదికి పైన కప్పు కిందికి దిగింది. సొంతంగా కొని, ఆడించి (జిన్నింగ్ చేసి), అమ్మితే మిగిలేది తక్కువ. రైతులు సహజంగానే మద్దతు ధరకి పత్తి కొనే సీసీఐ (కాటన్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా) వైపు వెళ్లారు. సీసీఐ కొన్న పత్తిని మిల్లుల్లో ఆడించి బేళ్లు కట్టిస్తుంది, మనకి బేలుకి ఇంత అని ఆడింపు కూలి వస్తుంది.

ఇక్కడ కేవలం అంకెలు మార్చుకుంటే సరిపోదు, అంచనా స్వరూపమే మారాలి. సొంత వ్యాపారంలో ఒక బేలు అమ్మితే దాని పూర్తి వెల టర్నోవర్‌లోకి వస్తుంది. ఆడింపులో కూలి ఒక్కటే వస్తుంది. లాభం అంత పడిపోకపోయినా టర్నోవర్ కుప్పకూలినట్టు కనిపిస్తుంది, ఆ 20 శాతం లెక్కలో బ్యాంకు లిమిట్ కూడా దానితోపాటే. మరోవైపు పత్తి కొనడానికి అంత డబ్బే అక్కర్లేదు. ఇవన్నీ కలిపి చూపించాలంటే అంచనాల షీటులో బేళ్లు మొదలుగా ఉండాలి, రూపాయలు కాదు. ఎన్ని క్వింటాళ్ల పత్తి, అందులో సొంతం ఎంత, ఆడింపు ఎంత, క్వింటాలుకి దూది ఎన్ని కిలోలు, బేలుకి 170 కిలోలు, క్యాండీకి 355.62 కిలోల లెక్కన రేటు, గింజల రేటు. వీటి నుంచి రూపాయలు పుట్టాలి. అలా కట్టిన షీటులో సొంతం, ఆడింపు వాటాలు మార్చి సేటుకి అప్పటికప్పుడు చూపించగలిగాను. కరెంటు డిమాండ్ ఛార్జీ, వాచ్‌మన్ జీతం, ఇన్సూరెన్సు మిల్లు తిరిగినా తిరగకపోయినా ఉండేవే కాబట్టి అవి విడి వరసలో. సినారియోలో ఇది చేయాలంటే ఓచర్లు రాసుకుంటూ కూర్చోవాలి, అందుకే ఎక్సెల్‌కి సినారియో కంటే అర మార్కు ఎక్కువ.

ఎక్సెల్‌లో ఫోర్‌కాస్ట్ షీట్ అని ఒక బటన్ ఉంది, పాత అంకెలు ఇస్తే సీజన్ పోలికని పట్టి ముందు నెలలని తనే గీస్తుంది. కరెంటు యూనిట్లకి, గన్నీ, ప్యాకింగ్ ఖర్చులకి వాడి చూడండి, బాగుంటుంది. పత్తి రాబడికి వాడకండి. సుంకం ఎత్తేస్తారని, అక్టోబరులో వాన పడి తేమ 12 శాతం దాటుతుందని దానికి ఎవరు చెప్పాలి?

గ్రాఫ్ గీసేవాళ్లకి ఒక మాట. వాస్తవానికి నిండు గీత, అంచనాకి చుక్కల గీత వేస్తే, రెండిటి మధ్య ఒక నెల ఖాళీ వస్తుంది, చూసేవాళ్లు "ఇక్కడ వ్యాపారం ఆగిందా" అంటారు. ఆఖరి వాస్తవ నెల విలువని అంచనా వరసలో కూడా పెట్టండి, గీతలు కలుస్తాయి. మిగతా గడుల్లో సున్నా రాకుండా ఎన్ఏ ఫంక్షన్ వాడండి, లేకపోతే గీత నేలకి కొట్టుకుంటుంది.

ఎవరికి ఏది అంటే: ఒక దుకాణం, ఒక గోదాము, బ్యాంకుకి ఏడాదికోసారి కాగితాలు ఇచ్చేవాళ్లకి టాలీ సినారియో చాలు. లైసెన్సు ఎలాగూ ఉంటుంది, పైసా ఖర్చు లేదు. సీజన్ వ్యాపారం, నెలనెలా యజమానికి రిపోర్టు, రేట్లు మారే సరుకు ఉన్నవాళ్లు ఎక్సెల్‌లో కట్టుకోండి. నేనైతే రెండూ వాడతాను. ఖాయమైన ఒప్పందాలు, రాని బిల్లులు టాలీలో, రేట్ల ఊహలన్నీ ఎక్సెల్‌లో. చందా సాఫ్ట్‌వేర్ కొనేవాళ్లు డెమోలో గ్రాఫులు చూడకండి, రెండు ప్రశ్నలు అడగండి: వాస్తవానికీ అంచనాకీ మధ్య తేదీ నేను మార్చవచ్చా, నెల దాటాక నా పాత అంచనా ఎక్కడ ఉంటుంది. జవాబు చెప్పడానికి "సార్, మా టెక్నికల్ టీమ్‌ని అడిగి చెబుతాం" అన్నారంటే మీకు అర్థమైపోతుంది.

టాలీలో అంచనా ఓచర్లు వేసేవాళ్లు నెరేషన్ మొదట్లోనే "అంచనా" అని రాయండి. ఏడాది చివర ఎక్సెప్షన్ రిపోర్టుల్లోకి వెళ్లి ఆప్షనల్, మెమొరాండం, రివర్సింగ్ జర్నల్ రిజిస్టర్లు మూడూ తెరిచి చూడండి. మిగిలినవి ఉంటే ఒక్కోటీ తేల్చి, ఆ తర్వాతే డేటా ఆడిటర్‌కి ఇవ్వండి. ఏప్రిల్‌లో ఆయన చేసే మొదటి ఫోను వాటి గురించే ఉంటుంది.